మెట్టసీమకొక తీరం

నల్లగొండ, పాలమూరు జిల్లాలకు సముద్రం లేదని తెలుసుకోవడానికి పటం విప్పవలసిన పని లేదు. మా వైపు బండరాళ్ళను, తుమ్మచెట్లను, సగం ఎండిన చెరువులను చూచినవారికి అది తెలిసిపోతుంది. అయినా వానాకాలం వచ్చిందంటే మా జిల్లాలో అక్షరం రాని ముసలమ్మ కూడా సముద్రమట్టం లెక్కల్లోనే మాట్లాడుతుంది. "ఐదువందల ఎనభై ఆరు అయిందట, ఇంక నాలుగడుగులే" అంటుంది. ఆ అడుగులు సముద్రమట్టం నుండి కొలిచినవని ఆమెకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. 590 అంటే నాగార్జునసాగరం నిండినట్టు. 510 అంటే ఇక కాలువలకు అడగవద్దన్నట్టు. ఈ రెండంకెల మధ్యనున్న ఎనభై అడుగుల నీటి మీద ఎన్ని లక్షల ఎకరాల నాట్లు, ఎన్ని పెళ్ళి ముహూర్తాలు ఆధారపడి ఉంటాయో లెక్క తీసినవారు లేరు.

ఆ నీటి గట్టున ఒక ఊరున్నది. పాత కాగితాలలో దాని పేరు విజయపురి నార్తు. జనం నోట హిల్ కాలనీ, పైలాన్ కాలనీ. 2018 నుండి ఈ రెండూ కలిసి నందికొండ పురపాలక సంఘం. సాగరుకు వెళ్ళివచ్చినవారు డ్యామును వర్ణిస్తారు, కొండ మీది ప్రదర్శనశాలను వర్ణిస్తారు, జలపాతం ముందు దిగిన ఫొటోలు చూపిస్తారు. తాము రాత్రి పడుకున్న ఊరి గురించి ఒక్క మాటైనా అనరు. నేను రాయదలచుకున్నది ఆ ఊరి గురించే. చూడవలసిన తక్కిన స్థలాలు దారిలో ఎలాగూ తగులుతాయి.

మా మేనమామ ప్రాజెక్టులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసేవారు. మర్రిగూడ వైపున్న తమ పల్లె నుండి చదువుకొని బయటపడ్డ తొలి మనిషి ఆయన. నా బడి రోజుల్లో ప్రతి వేసవికీ అమ్మ మమ్మల్ని తీసుకొని మల్లేపల్లి మీదుగా ఎర్రబస్సులో హిల్ కాలనీకి వెళ్ళేది. దారి పొడవునా ఎండ, బండలు, కంచెలు. చివరి మలుపులో ఒక్కసారిగా కనుచూపు ఆనినంత మేర నీలం. బస్సులో పిల్లలందరూ ఒకేసారి లేచి నిలబడేవాళ్ళు. సముద్రాన్ని నేను మొదట చూచింది ఇరవై రెండేళ్ళ వయసులో, విశాఖపట్నంలో. "ఇదీ సాగరులాగే ఉన్నదే, ఉప్పగా ఉండటం తప్పితే" అనిపించిందంటే విశాఖ మిత్రులు క్షమించాలి.

హిల్ కాలనీ మా పల్లెల వంటిది కాదు. మా పల్లెల్లో ఇల్లు ముందు పుట్టి, బజారు తరువాత పుడుతుంది. అందుకే ఏ సందూ తిన్నగా ఉండదు. ఇక్కడ ఎవరో కాగితం మీద గీత గీస్తే, ఆ గీత మీద ఇళ్ళు వచ్చి నిలబడ్డాయి. కొండ ఎక్కిన కొద్దీ హోదా పెరుగుతుంది. ఇంజనీరు బంగళాకు నీరు బాగా కనబడుతుంది, గుమాస్తా క్వార్టరుకు సగం కనబడుతుంది, మా మామ క్వార్టరుకు వేపచెట్టు పక్కకు ఒరిగితే కనబడుతుంది. అక్కడ మనిషిని ఇంటిపేరుతో కాక క్వార్టరు నంబరుతో గుర్తుపట్టేవారు. మా పల్లెలో "ఫలానా వారి అల్లుడు" అనిపించుకున్న మామ ఇక్కడ ఒక అక్షరం, మూడంకెలు అయ్యారు. అది ఆయనకు అవమానంగా తోచలేదు సరికదా, పల్లెలో కులం పేరు చెప్పుకొని బతికిన దాని కంటే ఇదే నయమని ఒకటి రెండుసార్లు అనగా విన్నాను.

ఈ ఊరు ఎందుకు పుట్టిందో అందరికీ తెలుసు. కృష్ణ నీళ్ళు మద్రాసు వైపు మళ్ళిపోకుండా నందికొండ దగ్గరే ఆనకట్ట కట్టాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పట్టుబట్టి తిరగడం, 1952లో ఖోస్లా కమిటీ ఈ స్థలాన్ని మెచ్చడం, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయడం, ఇవన్నీ పాఠ్యపుస్తకాల సంగతులే. ఆ శంకుస్థాపన గుర్తుగా నిలిపిన స్తంభమే పైలాన్. దాని చుట్టూ పెరిగిన బస్తీ పైలాన్ కాలనీ. ఒక ఇంగ్లీషు మాట ఇంత సులువుగా నల్లగొండ నాలుకకు అలవాటు పడటం నాకిప్పటికీ వింతే. బస్సు కండక్టరు "పైలానూ, పైలానూ" అని కేక వేస్తే అదేదో గ్రామదేవత పేరులా వినబడేది.

అది సిమెంటుకు కరవున్న కాలం, కష్టపడే చేతులకు కరవు లేని కాలం. అందుకే 124 మీటర్ల పైచిలుకు ఎత్తున్న ప్రధాన కట్టను రాతితో కట్టారు. రాతి కట్టడపు ఆనకట్టలలో లోకంలోనే పెద్దవాటిలో ఒకటిగా దానికి పేరు. చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ పేరు ఆ తరం వారు గౌరవంగా తలచుకునేవారు. ఆ నాటి ఫొటోలలో ఆయన కనబడరు. కర్రల పరంజీల మీద చీమల బారులా ఎక్కుతున్న మనుషులు కనబడతారు. తల మీద రాయి, దాని కింద గుడ్డ చుట్ట. ఆ వరుసలలో మా పక్క జిల్లా వారు ఎందరో. పాలమూరు మేస్త్రీ మనుషులను పోగు చేసి తోలుకొని రావడం, వారు దేశంలో ఎక్కడ ఆనకట్ట లేస్తే అక్కడికి గుడారాలు మోసుకుపోవడం తరాలుగా సాగిన కథ. సొంత జిల్లాలో నీటి చుక్క లేక ఊళ్ళు విడిచినవారు పరాయి ఊళ్ళ నీటికి గోడలు కట్టారు. హిల్ కాలనీలో వాళ్ళకు క్వార్టర్లు లేవు. పని ఉన్నన్నాళ్ళు గుడిసె, పని అయిపోగానే మరో డ్యాము. ఊరి పటంలో ఆ గుడిసెల గీతలు కూడా లేవని మామ చెప్పేవారు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఇరవై ఆరు గేట్లు బిగించడం ఆ తరువాతి పని. అంతటితో నిజానికి ఈ ఊరి అవసరం తీరిపోయింది. కట్టేవారి కోసం కట్టిన ఊరు కట్టడం అయ్యాక ఏమి చేయాలి? ఎవరూ చెప్పలేదు. ఉద్యోగులు బదిలీ అయ్యారు, మిగిలినవారు రిటైరయ్యారు, రిటైరైనవారు వెళ్ళకుండా ఉండిపోయారు. పిల్లలు కమలా నెహ్రూ ఆసుపత్రిలో పుట్టారు. అవతలి గట్టున విజయపురి సౌత్‌లోని రెసిడెన్షియల్ కాలేజీలో సీటు తెచ్చుకున్నవారిని ఊరంతా గొప్పగా చెప్పుకునేది. ఆ కాలేజీ విద్యార్థులు ఇది చదివేవారిలో ఒకరిద్దరైనా ఉండకపోరు. ఇట్లా, విడిదిగా మొదలైన చోటు ఎవరి అనుమతీ అడగకుండా ఊరయింది.

పేరు సంగతి వేరే చెప్పాలి. విజయపురి అన్నది కొత్తగా కల్పించిన పేరు కాదు. పదిహేడు వందల ఏళ్ళ నాడు, శాతవాహనుల తరువాత, ఇక్ష్వాకులు ఏలిన రాజధాని పేరది. మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఆ లోయలోనే కోట, విహారాలు, చైత్యాలు, గుళ్ళు, మెట్ల రేవు, ప్రేక్షకులు కూర్చునే అరుగుల రంగస్థలం. 1926లో శాసనాల శాఖకు చెందిన ఎ.ఆర్.సరస్వతి ఆ దిబ్బలను గుర్తించారు, ఆ వెంటనే లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. డ్యాము నిర్ణయం అయిన తరువాత, 1954 నుండి ఆరేళ్ళపాటు ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నీటితో పందెం వేసుకొని లోయంతా తవ్వారు. నీళ్ళు వచ్చేలోగా ఎత్తగలిగినవి ఎత్తి కొండ మీద పెట్టారు, ఎత్తలేనివాటికి నమూనాలు చేశారు, తక్కినవాటిని కృష్ణకు వదిలేశారు. కొండ దీవి అయింది. 1966లో దాని మీద ప్రదర్శనశాల తెరిచారు. గట్టు మీద లేచిన కాలనీలకు మునిగిన పట్నం పేరే పెట్టారు. ముంచినవారే పేరు నిలబెట్టారని మామ నవ్వేవారు. పుట్టి పోయిన బిడ్డ పేరు తరువాతి బిడ్డకు పెట్టే ఆచారం మా ఇళ్ళలో ఉన్నది గనుక, ఆ నవ్వులో నేను ఎన్నడూ కలవలేకపోయాను.

ఇంకొక మునక గురించి అంతగా వినబడదు. నాగార్జునకొండ కుడిగట్టుది. మా నల్లగొండ గట్టున మునిగినది ఏలేశ్వరం. దేవరకొండ తాలూకాలోని ఆ క్షేత్రంలో అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపించి, 1963లో ఒక పుస్తకం వెలువరించారు. ఈనాడు అక్కడ గుట్ట మీది శివుడు మిగిలాడు. శివరాత్రికి పడవల మీద వెళ్ళి వస్తారు. నాగార్జునకొండకు టికెట్టు ఉన్నది, లాంచీ ఉన్నది, బోర్డులున్నాయి. ఏలేశ్వరానికి జాతర ఒక్కటే. రెంటిలో ఏది ఎక్కువ బతికి ఉన్నదంటే నేను వెంటనే సమాధానం చెప్పలేను.

కొండకు లాంచీలో సుమారు ముప్పావు గంట ప్రయాణం. రాష్ట్రం విడిపోయాక ఎడమగట్టు నుండి కూడా లాంచీలు నడిపారు. చాలామంది పర్యాటకులు ఆ ముప్పావు గంటా ఫొటోలు తీసుకొని, కొండ మీద గంటసేపు తిరిగి, ఐస్‌క్రీం తిని వస్తారు. తప్పేమీ లేదు. కానీ లోపలికి వెళితే, తొందరపడకండి. అక్కడ దొరికిన ఒక శాసనం గురించి తెలిసి వెళితే చూపు మారుతుంది. వీరపురుషదత్తుని పధ్నాలుగో పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించినది. తామ్రపర్ణి, అంటే సింహళం నుండి వచ్చిన థేరుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. ఆ థేరులు కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, యవనం వంటి దేశాలవారికి ధర్మబోధ చేశారని అందులో ఉన్నది. ఆమె చేసిన ఇతర దానాలలో కంటకసెలలో ఒక మండపం కూడా ఒకటి. కంటకసెల అంటే కృష్ణా జిల్లా ఘంటసాల. ఆ కాలపు పేరున్న రేవు. రోమను బంగారు నాణేలు కూడా ఈ లోయలో దొరికాయి. ఇంతటి మెట్టసీమలో, రాళ్ళ నడుమ కూర్చున్న పట్నానికి సముద్రంతో ఇంత చుట్టరికం! కృష్ణ పారుతున్నన్నాళ్ళు ఆ చుట్టరికం దిగువకు వెళ్ళి, ఎగువకు వచ్చేది. గోడ కట్టాక నీరు ఆగింది. సింహళం మాత్రం మళ్ళీ వచ్చింది: హిల్ కాలనీ దగ్గర 274 ఎకరాలలో తీర్చిన బుద్ధవనంలో శ్రీలంక పంపిన అవుకన బుద్ధుని ప్రతిరూపం నిలబడి ఉన్నది.

ఆ బుద్ధవనం 2022 మే 14న తెరిచారు. దాని పని ఎన్నో ఏళ్ళు సాగింది, సాగిన కాలమంతా "ఎప్పుడు తెరుస్తరు?" అన్నది ఊరిలో ఒక వేళాకోళంగా ఉండేది. తీరా చూస్తే, నాకు నచ్చింది. జాతక కథల శిల్పాలున్న భాగంలో పిల్లలను వదిలితే గంట దాకా వెనుదిరగరు. మహాస్తూపం లోపలి కప్పు కింద మనం మెల్లగా అన్న మాట కూడా పెద్దదై తిరిగి వస్తుంది. ఒక్కటే చెప్పాలి: ఎండాకాలం పగలు వెళ్ళవద్దు. అక్కడి చెట్లకు ఇంకా నీడ ఇచ్చే వయసు రాలేదు.

అనుపు కుడిగట్టుది. లోయ నుండి తరలించి తిరిగి పేర్చిన రంగస్థలం అక్కడ ఉన్నది. మెట్ల అరుగుల మీద కూర్చుంటే మధ్యలో నిలబడినవారి మాట చక్కగా వినబడుతుంది. అంత దూరం వెళ్ళే పర్యాటకులు తక్కువ గనుక, ఉదయం పూట ఆ రాళ్ళూ మీరూ మిగులుతారు. నన్నడిగితే సాగరు చుట్టుపక్కల చూడదగిన వాటిలో మొదటి పీట దీనికే వేస్తాను. ఎత్తిపోతల గురించి చెప్పనక్కరలేదు. డ్యాముకు పదకొండు కిలోమీటర్ల దూరంలో చంద్రవంక వాగు డెబ్భై అడుగుల ఎత్తు నుండి దూకి, కొద్ది దూరంలో కృష్ణలో కలుస్తుంది. కింద మడుగులో మొసళ్ళు, వాటిని పెంచే కేంద్రం. వానలు పడ్డాక వెళ్ళినవారు పొగుడుతారు, వేసవిలో వెళ్ళినవారు తిడతారు. గేట్లెత్తిన రోజు డ్యాము ముందు తొక్కిసలాట తప్ప ఏమీ కనబడదు. రెండు మూడు రోజులు ఆగి వెళితే నీళ్ళూ ఉంటాయి, నిలబడే చోటూ ఉంటుంది.

ఇంతవరకు చెప్పినదంతా వచ్చిపోయేవారి సాగరు. మా అమ్మమ్మ సాగరు వేరు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, దేవరకొండ వైపు పల్లెల్లో బావి నీటిలో ఫ్లోరైడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా పల్లెల్లో అది ఎన్నో రెట్లుండేది. పిల్లలకు గారపళ్ళు, పెద్దలకు వంగిన కాళ్ళు, కదలని మెడ. ఫొటోలు తీసుకుపోయే పత్రికలవారు వచ్చేవారు, వెళ్ళేవారు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు కనుగొని దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ప్రపంచ పుస్తకాలలో మా జిల్లా పేరు ఎక్కింది ఈ విధంగా. మా అమ్మమ్మకు యాభై దాటకముందే నడుము పట్టేసింది. ఆకాశం చూడాలంటే ఆమె మంచం మీద వెల్లకిలా పడుకోవలసిందే.

మామకు క్వార్టరు వచ్చిన తరువాత ఆమెను హిల్ కాలనీకి తీసుకుపోయారు. ఇంట్లో నల్లా ఉన్నది. తిప్పితే కృష్ణ నీళ్ళు. మొదటి రోజు అమ్మమ్మ ఆ నల్లాను తిప్పడం, ఆపడం, మళ్ళీ తిప్పడం చేస్తూ కూర్చున్నదట. నీళ్ళు వృథా అవుతాయని అత్తమ్మ బకెట్టు తెచ్చి కింద పెట్టిందట గాని, ఆపమనలేదట. మూడు నెలలున్నది. పల్లెలో పశువు ఈనిందని వెళ్ళిపోయింది. ఆ తరువాత మామ ఎప్పుడు పల్లెకు వచ్చినా, మేము ఎప్పుడు సాగరు నుండి తిరిగి వెళ్ళినా, బస్సులో సీటు కింద నూనె డబ్బాడు నీళ్ళు ఉండవలసిందే. ఆ నీళ్ళు అమ్మమ్మ ఒక్కతే తాగేది కాదు. ఇంటికొక గ్లాసు చొప్పున ఇరుగుపొరుగు బాలింతలకు పోసేది. తీర్థంలా ఇచ్చేదని రాస్తే బాగుంటుంది గాని, అట్లా కాదు. మందులాగ, కొలిచి, "రేపు మల్ల రాకు" అని చెప్పి మరీ ఇచ్చేది.

"నీళ్ళు కండ్లకు ఆనుతయి గని నోటికి అందయి" అనేది. ఇది వేదాంతం కాదు, ఇంజనీరింగు. ఎడమ కాలువ, దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు, మిర్యాలగూడ మీదుగా ఖమ్మం వైపు పల్లానికి పోతుంది. మా పడమటి నల్లగొండ నేల ఆ కాలువకు పైన ఉన్నది. నీరు పల్లమెరుగును గాని మెట్టనెరుగదు. ఆనకట్ట ఇంకా ఎగువన ఏలేశ్వరం దగ్గర కట్టి ఉంటే మా నేల తడిసేదన్న వాదం మా వైపు ఈనాటికీ వినబడుతుంది. అవునో కాదో పాత కాగితాలు చూచినవారు తేల్చాలి. అమ్మమ్మ మాత్రం ఆ వాదం విననేలేదు.

మరి మెట్టకు నీళ్ళు ఎక్కించలేరా అంటే, ఎక్కించారు. సాగరు గట్టున పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి అక్కంపల్లి జలాశయానికి ఎత్తారు. ఎలిమినేటి మాధవరెడ్డి పేరుతో ఆ పథకం మా నేలలో కొంత భాగానికి సాగునీరు తెచ్చింది. అక్కంపల్లి నుండే 2004లో హైదరాబాదుకు కృష్ణ తాగునీరు వెళ్ళింది. ఆ గొట్టాలు మా వైపు పల్లెల పక్కనుండే పోయాయి. గొట్టం మీద చెవి పెడితే నీటి చప్పుడు వినబడుతుందని మా మేనత్త పిల్లలు చెబితే నేను కూడా చెవి పెట్టి చూచాను. వినబడుతుంది. ఇంటింటికీ నీళ్ళు ఇచ్చే పథకానికి 2015లో చౌటుప్పలులో మరో పైలాను నిలిపారు. 1955లో ఒకటి, 2015లో ఒకటి. మా జిల్లాకు రెండు పైలాన్లు. ఆ తరువాత కృష్ణ నీళ్ళు మా అమ్మమ్మ ఊరి నల్లాలకు కూడా వచ్చాయి. అప్పటికి ఆమె పోయి పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు ఆ ఊరి బడిపిల్లలు నవ్వితే పళ్ళు తెల్లగా ఉంటున్నాయి. ఈ ఒక్క విషయంలో నేను ఏ పార్టీ వాడి గొప్పనైనా ఒప్పుకోవడానికి సిద్ధం.

శ్రీశైలం నీటిని సొరంగం గుండా మోటార్లు లేకుండానే నల్లగొండకు తేవాలన్న మరొక పని ఎప్పటినుండో నడుస్తున్నది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు ఆ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. అందులో ఎక్కువమంది ఉత్తరాది నుండి కూలికి వచ్చినవారు. ఒకప్పుడు పాలమూరు వారు పరాయి ఊళ్ళకు వెళ్ళి చేసిన పనే వీళ్ళు పాలమూరుకు వచ్చి చేస్తున్నారు.

పాలమూరు తీరం గురించి కూడా రెండు మాటలు. కొల్లాపూరు దగ్గరి సోమశిల ఇప్పుడు పర్యాటకులకు కొత్త మోజు. శ్రీశైలం జలాశయం వెనుక నీరు, మధ్యలో పచ్చని గుట్టలు, ఒడ్డున అద్దె గదులు. మాల్దీవులతో పోల్చి రాసేవారూ ఉన్నారు. సోమశిలను సోమశిల అనుకొని చూస్తే చాలునని నా మనవి. ఆ నీటి కింద 1980లలో మునిగిన ఊళ్ళున్నాయి. వాటి గుళ్ళలో కొన్నింటిని విప్పి గట్టు మీద పేర్చారు. అవతలి గట్టు కర్నూలు సీమ, చుట్టరికాలు ఇటువి, దారి పడవ. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి దాదాపు అరవై మంది పోయారు. అక్కడ వంతెన కోసం జనం ఎంతకాలం అడిగారో ఆ ప్రాంతంవారికి తెలుసు; 2022లో జాతీయ రహదారి పథకంలో దానికి అనుమతి వచ్చింది. సెలవుకు వచ్చి పడవ ఎక్కినప్పుడు లైఫ్ జాకెట్టు వద్దని వాదించకండి.

ఈ రెండు జలాశయాల ఒడ్డున నన్ను అన్నింటికంటే ఆశ్చర్యపరచినది మనుషులే. సముద్రం మా దగ్గరకు రాలేదు గాని, సముద్రపు మనుషులు వచ్చారు. విశాఖ, తూర్పుగోదావరి తీరాల నుండి వాడబలిజ కుటుంబాలు వలలు తీసుకొని వచ్చి సాగరు, శ్రీశైలం గట్లన గుడిసెలు వేసుకున్నాయి. తరాలు గడిచాయి. నేను మాట్లాడిన ఒక పెద్దాయన యాస సగం శ్రీకాకుళం, సగం దేవరకొండ. "మా నాయన ఉప్పునీళ్ళు వదిలి మంచినీళ్ళకు వచ్చాడు బాబూ, ఇక్కడ తుఫాను లేదు, ఆటు లేదు, పోటు లేదు" అన్నాడు. అలవాటు తప్పక ఉదయాన్నే లేచి నీటి వైపు తిరిగి దణ్ణం పెడతాడు. గంగమ్మకు ఉప్పేమిటి, తీపేమిటి అన్నాడు. వీరి మధ్య, స్థానిక మత్స్యకారుల మధ్య కొల్లాపూరు వైపు అలివి వలల మీద తగవులు రేగుతూనే ఉంటాయి. సన్నకన్ను అలివి వల చేపపిల్లను కూడా వదలదు గనుక ఆ ఫిర్యాదులో న్యాయమున్నది. చేపపిల్ల దొరకనినాడు గుడిసెలో పొయ్యి వెలగదన్నదీ నిజమే.

హిల్ కాలనీ వైపు మళ్ళీ వస్తాను. మామ 2009లో పోయారు, కృష్ణకు కనీవినీ ఎరుగని వరద వచ్చిన అక్టోబరు తరువాత నెలన్నరకు. ఆ వరద రాత్రులు ఆయన నిద్రపోలేదు. రిటైరై పదమూడేళ్ళయినా, జబ్బు మంచం మీద నుండే గేట్ల లెక్క అడిగేవారట. క్వార్టరు ఉంచుకోవాలా, ఖాళీ చేయాలా అన్న కాగితాలు ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి అటూ ఇటూ తిరిగాయి. ఒక కార్యాలయంలో అత్తమ్మను ఆరుసార్లు తిప్పుకొని, ఏడోసారి "మీ ఫైలు లేద"న్నారు. ఆమె ఇంటికి వచ్చి, మామ దాచిన నకలు తీసుకొని ఎనిమిదోసారి వెళ్ళింది. ప్రాజెక్టు ఉద్యోగి భార్య కదా.

ఇప్పుడు ఆమెకు ఎనభై దాటింది. పైకప్పు కారుతుంది, వేపచెట్టు ఇంకా పెరిగి నీళ్ళను పూర్తిగా మూసేసింది. కాలనీలో కొన్ని క్వార్టర్లు కూలిపోయాయి, కొన్ని రంగులద్దుకొని దుకాణాలయ్యాయి. 2023 నవంబరు చివర రెండు రాష్ట్రాల పోలీసులు డ్యాము మీద ఎదురెదురుగా నిలిచి, పదమూడో గేటు దగ్గర ముళ్ళకంచె వేసినప్పుడు నేను కంగారుపడి ఫోను చేశాను. "కంచె కట్ట మీద ఏసిండ్రు అల్లుడా, నీళ్ళ మీద ఏస్తరా?" అని, తరువాత మా పిల్లల పరీక్షల సంగతి అడిగింది. హైదరాబాదు రమ్మని నేను, నా చెల్లెలు ప్రతి దసరాకూ పిలుస్తాము. "నాకు ఈడ అందరు ఎరుక. ఆడ నన్నెవరు ఎరుగుతరు?" అంటుంది. ముప్పై కుటుంబాలు ఒకరినొకరు క్వార్టరు నంబరుతో పిలుచుకునే ఆ వీధిలో ఇంకా తొమ్మిది కుటుంబాలున్నాయి.

కిందటి సంక్రాంతికి వెళ్ళి వస్తుంటే, నేను చెప్పులు వేసుకొనేలోగా ఐదు లీటర్ల డబ్బా నింపి తెచ్చింది. హైదరాబాదులో మా ఇంటి నల్లాకు వచ్చేవీ ఈ నీళ్ళే అత్తమ్మా, పుట్టంగండి నుండే వస్తాయి అన్నాను. తెలుసన్నది. మూత గట్టిగా బిగించి, పాత చీరపేలిక చుట్టి, బస్సులో సీటు కిందనే పెట్టుకొమ్మని, పైన పెడితే కారుతుందని చెప్పింది.